మామూ పాత కంప్యూటర్‌ని ఎందుకు మార్చలేదు? ఒక ఖరాదు దుకాణం తారీఖ్



మొన్న ఈద్ తర్వాత సాలూరు వెళ్లాను. మామూ కార్ఖానాలో పెద్ద పంచాయతీ నడుస్తోంది. జమీన్ గురించీ కాదు, షాదీ గురించీ కాదు. ఒక కంప్యూటర్ గురించి!

కార్ఖానా మూలన, సైకిల్ ట్యూబ్ కప్పిన బల్ల మీద ఉంటుందది. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు చాయ్ రంగుకొచ్చింది. లావుపాటి పాత మానిటర్, లోపల విండోస్ 98, ముందు ఫ్లాపీ పెట్టే సందు. వెనకాల ప్రింటర్ పోర్టుకి అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క తగిలించి ఉంటుంది. దాన్ని డాంగిల్ అంటారు. అది ఉంటేనే లోపలి సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది, ఊడదీస్తే పలకదు. అందుకే ముమానీ దానికి "తావీజ్" అని పేరు పెట్టింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో మామూ బుష్షు బొమ్మో పిన్ను బొమ్మో గీస్తాడు. ఆ గీతల్ని అది లేత్ మెషీన్‌కి అర్థమయ్యే హుకుంలుగా మార్చి, ఒక వైరు గుండా పంపిస్తుంది. 2000లో కొన్నది. రసీదు ఇప్పటికీ ఖురాన్ పక్కన బీరువాలోనే ఉంది.

మామూ పెద్దబ్బాయి టూల్ డిజైన్ కోర్సు చదివొచ్చాడు. "అబ్బా, దీన్ని తూకానికి అమ్మేద్దాం. కొత్త సాఫ్ట్‌వేర్ తీసుకుందాం, ఏడాదికింత అని కడితే చాలు" అంటాడు.

మామూ మాట ఒక్కటే. "ఏటి బేటా, పనిచేసేదాన్ని పారేయడమే తెలివా?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. "నువ్వు రాసుకునేవాడివి కదా, ఫైసలా చెప్పు" అన్నారు. అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి చదివాను, ఆలోచించాను. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ మాత్రమే కాదు, చరిత్ర కూడా. ఈ కంప్యూటర్ తారీఖ్ ఏమిటో తెలిస్తే తప్ప ఫైసలా రాదనిపించింది.

మన నోట్లో ఉన్న కార్ఖానా

మొదట లఫ్జ్‌ల నుంచి మొదలుపెడదాం. లేత్ మెషీన్‌ని ఉర్దూలో ఖరాద్ అంటారు. దాని మీద పనిచేసేవాడు ఖరాదీ. తెలుగులో దానికి తరిమెన అని పాత మాట ఉంది. ఏటికొప్పాక లక్కబొమ్మలు చూశారా? ఆ కర్ర తిరుగుతుంటే ఉలి పెట్టి గుండ్రంగా తీస్తారు. ఆ పనే ఇనుము మీద చేస్తే మా మామూ పని.

మెకానిక్ షెడ్లో తెలుగువాళ్లు రోజూ అనే మాటలు చూడండి. మరమ్మతు, కార్ఖానా, పానా, బర్మా, లారీ కింద ఉండే కమాన్ కట్టలు. ఇవన్నీ అరబీ, ఫార్సీ, ఉర్దూల దారిన వచ్చినవే. కమాన్ అంటే విల్లు. లారీ బరువుని మోసే ఆ వంగిన పట్టీల్ని చూసి ఎవరో ఉస్తాద్ విల్లు అన్నాడు, పేరు నిలిచిపోయింది. ఉత్తరాంధ్రలో మనం కొద్దిమందిమే. అయినా మన బుజుర్గుల హునర్ ఈ మాటల్లో మిగిలి ఉంది. మామూ దగ్గరకొచ్చే డ్రైవర్లకి మరమ్మతు ఏ భాష మాటో తెలీదు. తెలియక్కర్లేదు కూడా, అది వాళ్లదైపోయింది.

లారీల ఊరు

సాలూరు గురించి బయటివాళ్లకి రెండు ముక్కలు. వేగావతి ఒడ్డున, తూర్పు కనుమల పాదాల దగ్గర ఉన్న ఊరు. 1979 నుంచి విజయనగరం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. మామూ దుకాణం అంగుళం కదల్లేదు, బోర్డు మీద జిల్లా పేరు మాత్రం మార్చి రాయించాల్సి వచ్చింది.

ఊరి రిజ్క్ అంతా రోడ్డు మీదే. ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 26. ఇక్కణ్ణుంచి ఘాట్ ఎక్కితే సుంకి, పొట్టంగి, కొరాపుట్. అటు నుంచి జైపూర్, జగ్దల్‌పూర్ మీదుగా రాయ్‌పూర్ దాకా. కోస్తాకీ మధ్య భారతానికీ మధ్య సరుకు నడిచే దారిది. అందుకే ఇంత చిన్న ఊళ్లో అన్ని లారీలు. రాష్ట్రంలో విజయవాడ తర్వాత లారీలకి సాలూరే అని మా వైపు గర్వంగా చెప్పుకుంటారు. లారీలుంటే బాడీ కట్టేవాళ్లుంటారు, టైర్లవాళ్లు, వెల్డింగువాళ్లు, ఎలక్ట్రీషియన్లు, లేత్‌వాళ్లు ఉంటారు.

ఘాట్ రోడ్డుకీ ఖరాదుకీ ఉన్న రిష్తా ఏమిటంటారా? నిండు లోడుతో కొండ దిగే లారీకి బ్రేకులే ప్రాణం. గంటలకొద్దీ రాపిడికి డ్రమ్ము కాగిపోతుంది, లోపల గాళ్లు పడతాయి, గుండ్రం తప్పుతుంది. అప్పుడు డ్రమ్ముని లేత్‌కి ఎక్కించి లోపల పలచగా తీసి నున్నగా చేయాలి. అయితే ఎంతవరకు తీయవచ్చో హద్దుంది. అది దాటితే డ్రమ్ము బలహీనపడి పగిలిపోవచ్చు. మా నానా (అమ్మ వాళ్ల అబ్బా) ఆ హద్దు దాటిన డ్రమ్ముని ఎంత డబ్బిచ్చినా తీసేవాడు కాదట. "నా కూలీ వందో రెండొందలో. కింద లోయలో పడేది ఒకరి ఇంటి చిరాగ్" అనేవాడని అమ్మీ చెబుతుంది. కింగ్ పిన్ బుష్షులు, స్ప్రింగ్ పిన్నులు, రైస్ మిల్లు షాఫ్టులు, కప్లింగులు, అన్నింటికీ అదే పద్ధతి. కొలత తప్పితే అది లెక్కలో తప్పు కాదు, ఒకరి జాన్‌కి ఖత్రా.

నానా దగ్గర ఉన్నది బెల్టుతో తిరిగే పాత లేత్. డ్రాయింగ్ లేదు, కంప్యూటర్ లేదు. కాలిపర్స్, మైక్రోమీటర్, చెయ్యి. ఇల్మ్ అంతా చేతిలో ఉండేది. ఆ చేతిని తీసేసి పని చేయించాలని లోకంలో ఒక పెద్ద కోషిష్ జరిగింది. మామూ కంప్యూటర్ కహానీ మొదలయ్యేది అక్కడే.

చెయ్యి నుంచి టేపుకి

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కల పనిలో ఉండేవాడు. వంపులు తిరిగిన ఆ ఆకారాల్ని కొలతల పట్టికగా మార్చి, ఆ అంకెలతోనే మెషీన్‌ని నడిపితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. అమెరికా వైమానిక దళం పైసలిచ్చింది. ఎం.ఐ.టి. ప్రయోగశాల పని చేపట్టింది. 1952లో చిల్లులు పొడిచిన కాగితపు టేపు చదువుతూ కదిలే మిల్లింగ్ మెషీన్ తయారైంది. దాన్నే న్యూమరికల్ కంట్రోల్ అన్నారు. తర్వాత కంప్యూటర్ చేరి సి.ఎన్.సి. అయింది.

ఇదే జమానాలో ఇంకో దారి కూడా ఉండేది. ఒక ఉస్తాద్ మెషీన్‌ని చేత్తో నడుపుతుంటే ఆ కదలికల్ని అయస్కాంత టేపు మీద రికార్డు చేయడం, తర్వాత అదే టేపుతో మెషీన్ మళ్లీ మళ్లీ అదే పని చేయడం. 1940ల చివర్లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ దీన్ని చేసి చూపించింది. అంటే హునర్ ఉస్తాద్ చేతిలోనే పుడుతుంది, మెషీన్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఈ దారి ఎక్కువ దూరం పోలేదు.

ఎందుకు? డేవిడ్ నోబుల్ అనే చరిత్రకారుడు 1984లో 'ఫోర్సెస్ ఆఫ్ ప్రొడక్షన్' అనే కితాబులో దీని మీదే పెద్ద బహస్ చేశాడు. విమాన రెక్కల్లాంటి ఆకారాలు చేత్తో రికార్డు చేయడం కష్టమన్న మాట నిజమే. కానీ అదొక్కటే కారణం కాదంటాడు. టేపుని ఆఫీసులో తయారు చేస్తే పని మీద ఇఖ్తియార్ ఆఫీసుది అవుతుంది, మెషీన్ దగ్గర నిలబడ్డ కార్మికుడిది కాదు. యాజమాన్యాలకి అది నచ్చింది. నోబుల్ మాటని పూర్తిగా ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం ఆ సవాల్ ముఖ్యం అనిపిస్తుంది: ఒక మెషీన్ వచ్చినప్పుడు పని వేగం ఎంత పెరిగిందని అడుగుతాం, ఇఖ్తియార్ ఎవరి చేతికి వెళ్లిందని అడగం.

ఆ మొదటి టేపుల్ని తయారు చేయడానికి గదంత కంప్యూటర్లు కావాలి. ఎం.ఐ.టి.లోనే డగ్లస్ రాస్ బృందం ఏ.పి.టి. అనే భాషని తయారు చేసింది. 1959లో దాన్ని పత్రికలవాళ్లకి చూపించినప్పుడు ఆ భాషతో కోసిన అల్యూమినియం యాష్‌ట్రేలు పంచారు. కానీ అలాంటి కంప్యూటర్ విమానాల కంపెనీ కొనగలదు. సాలూరులో ఖరాదు దుకాణం? ఖ్వాబ్‌లో కూడా కాదు.

మళ్లీ దుకాణానికి

1980ల్లో లెక్క తిరగబడింది. బల్ల మీద పట్టే కంప్యూటర్ వచ్చింది. 1982లో ఆటోక్యాడ్ బయటికొచ్చింది. మాస్టర్‌క్యామ్ తయారు చేసిన కంపెనీ 1983లో మొదలైంది. బొమ్మ గీయడం, గీసిన బొమ్మని మెషీన్ హుకుంగా మార్చడం, రెండూ ఒకే చిన్న పెట్టెలో చేయొచ్చని తేలింది. ఆఫీసుకి వెళ్లిపోయిన ఇఖ్తియార్ మళ్లీ మెషీన్ పక్కకొచ్చింది. గీసేవాడూ, కోసేవాడూ, కొలిచేవాడూ ఒక్కడే అయ్యాడు.

మన దగ్గర దీనికి జమీన్ ముందే తయారై ఉంది. నిజాం పాలనలోనే 1943లో సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ మొదలైంది. 1953లో బెంగళూరులో హెచ్.ఎం.టి. వచ్చింది. 1968లో హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టారు. అక్కడ నేర్చుకున్నవాళ్లు రాష్ట్రమంతా చల్లుకున్నారు. ఇటు విశాఖలో షిప్‌యార్డు, హెవీ ప్లేట్స్, స్టీల్ ప్లాంట్. వాటికి పని చేసిపెట్టే చిన్న చిన్న షెడ్లు. ఆ షెడ్లు మెషీన్లు మార్చినప్పుడు పాతవి చిన్న ఊళ్లకి చేరతాయి. మామూ సి.ఎన్.సి. లేత్ కూడా అలా వేలంలో కొని, లారీ మీద వేసుకుని తెచ్చిందే. ఊళ్లో జనం చూడ్డానికొచ్చారు. ముమానీ నిమ్మకాయ కట్టమంటే మామూ నవ్వి దువా చేశాడట.

దానితో పాటే ఆ కంప్యూటర్, ఆ సాఫ్ట్‌వేర్. ఎక్కణ్ణుంచో కాపీ కొట్టి తెచ్చుకోమని దోస్తులు చాలామంది సలహా ఇచ్చారు. అప్పట్లో అదే రివాజు. మామూ మాత్రం ముమానీ గాజులు తాకట్టు పెట్టి అసలుది కొన్నాడు. "దీని మీద వచ్చే పైసా నా పిల్లలు తింటారు" అన్నాడు. గాజులు విడిపించడానికి ఏడాదిన్నర పట్టింది.

తర్జుమాన్ లేనిదే మాట లేదు

చిన్న దుకాణాలు పాత సాఫ్ట్‌వేర్‌ని ఎందుకు వదలవు? పిసినారితనం అనుకుంటారు బయటివాళ్లు. లోపలి సంగతి వేరు.

మెషీన్‌కి వెళ్లే హుకుంల భాషని జి-కోడ్ అంటారు. చదవడం కష్టమేమీ కాదు. జి-సున్నా అంటే వేగంగా అక్కడికి వెళ్లు, జి-ఒకటి అంటే నిలకడగా కోస్తూ వెళ్లు, జి-రెండూ జి-మూడూ వంపులు, ఎం-మూడు అంటే తిరగడం మొదలుపెట్టు, ఎం-ముప్ఫై అంటే ఖతం. భాష ఒకటే, కానీ ప్రతి మెషీన్‌దీ ఒక బోలీ. మన ఉర్దూలాగే. లక్నో ఉర్దూ వేరు, హైదరాబాద్ దక్కనీ వేరు, మా సాలూరులో "ఏటి, నై ఆతా క్యా?" అనే ఉర్దూ ఇంకా వేరు.

సాఫ్ట్‌వేర్ ఆలోచనని ఆ ఒక్క మెషీన్ బోలీలోకి మార్చే చిన్న ఫైలుని పోస్ట్ ప్రాసెసర్ అంటారు. నేను దాన్ని తర్జుమాన్ అంటాను. ఈ తర్జుమాన్ తప్పు చెబితే కథ కంపు. వెనక్కి రావాల్సిన పనిముట్టు ముందుకెళ్లి, తిరుగుతున్న చక్‌ని గుద్దుతుంది. మామూ మొదటి ఆరు నెలల్లో రెండుసార్లు అలా గుద్దించాడు. ఒకసారి టూల్ ముక్క ఎగిరి రేకుల కప్పుకి గుచ్చుకుంది. ఆ చిల్లు ఇప్పటికీ ఉంది, వానాకాలం అక్కడ బకెట్ పెడతారు. అలా ఒక్కో తప్పూ దిద్దుకుంటూ తన మెషీన్‌కి సరిపోయే తర్జుమాన్‌ని తయారు చేసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా అది ఒక్క అబద్ధం చెప్పలేదు.

కొత్త సాఫ్ట్‌వేర్ కొనడమంటే కొత్త తర్జుమాన్‌ని నమ్మడం. మళ్లీ ఆరు నెలలు భయం భయంగా ఖాళీగా తిప్పి చూసుకోవడం. డ్రమ్ములూ బుష్షులూ పిన్నులూ చేసే రెండు అక్షాల లేత్‌కి ఆ మెహనత్ దేనికి అన్నది మామూ సవాల్.

ఇంకో తమాషా. పాత కంట్రోళ్ల క్యాటలాగుల్లో మెమరీని కిలోబైట్లలో కాకుండా మీటర్లలో రాసేవారు. 40 మీటర్లు, 80 మీటర్లు అని. కాగితపు టేపు పొడవన్నమాట. మీటరుకి దాదాపు 400 అక్షరాలు, 40 మీటర్లంటే 16 వేల అక్షరాలు. టేపు పోయినా దాని కొలత నిలిచింది. ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఒక చిన్న పనికి కూడా అంతకంటే పొడుగు ప్రోగ్రాం రాసి పారేయగలదు. పాత సాఫ్ట్‌వేర్ పొదుపుగా రాస్తుంది. పాత మెషీన్‌కి పాత కలమే కుదురుతుంది.

ఇదేదో మన పేదరికం అనుకోకండి. అమెరికా అణ్వాయుధాల కమాండ్ వ్యవస్థలో 8 అంగుళాల ఫ్లాపీలు 2019 దాకా నడిచాయి. జపాన్ సర్కారు తన కాయిదాల నుంచి ఫ్లాపీల షరతుల్ని తొలగించడం పూర్తి చేసింది 2024లో. పనిచేస్తున్నదాన్ని, తప్పితే నష్టం పెద్దదైనదాన్ని, ఎవరూ హడావిడిగా కదిలించరు.

మిల్కియత్, కిరాయా

ఇక పైసల మాట. మామూ 2000లో సాఫ్ట్‌వేర్ కొన్నాడు. కొన్నాడంటే కొన్నాడు. డాంగిల్ చేతికొచ్చింది, ఇక ఎవర్నీ అడగక్కర్లేదు. ఇప్పుడు ఆ పద్ధతి దాదాపు పోయింది. 2013లో అడోబీ కొత్త వెర్షన్లని చందా పద్ధతికి మార్చింది. 2016లో ఆటోడెస్క్ కొత్త శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేసింది. చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. ఏడాది ఏడాదికీ కట్టాలి, కట్టడం ఆపితే తలుపు మూసుకుంటుంది.

కిరాయా తప్పేమీ కాదు. ఇల్లు అద్దెకి తీసుకుంటాం, లారీ అద్దెకి తీసుకుంటాం. ఏటేటా కొత్త సదుపాయాలు కావాల్సినవాళ్లకి కిరాయాలోనే నఫా ఉండొచ్చు. కానీ ఒక తేడా చూడండి. అద్దె ఇల్లు ఖాళీ చేస్తే సామాను మన వెంట వస్తుంది. ఇక్కడ సామాను, అంటే మన డ్రాయింగులు, ఆ ఇంటి తాళంతోనే తెరుచుకునే పెట్టెలో ఉంటాయి. వానాకాలం పని లేని మూడు నెలలు కిరాయా కట్టలేకపోతే మన హునర్ మన చేతికి రాదు.

1950ల్లో ఇఖ్తియార్ ఆఫీసుకి పోయింది, 1980ల్లో దుకాణానికి తిరిగొచ్చింది, ఇప్పుడు మళ్లీ ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌కి పోతోంది. ఈ మూడు మలుపుల మధ్య దాదాపు పాతికేళ్లు మాత్రం చిన్న దుకాణంవాడికి గీతా, మెషీనూ, తాళంచెవీ అన్నీ సొంతం. మామూ పట్టుకుని వేలాడుతున్నది పాత కంప్యూటర్‌ని కాదు, ఆ పాతికేళ్ల మిల్కియత్‌ని. ఇంతవరకూ నేను మామూ వైపే.

కంప్యూటర్ ఆగిపోయిన వారం

కానీ దోస్తులారా, ఒక పక్షమే చెబితే బేఇన్సాఫీ అవుతుంది.

రెండేళ్ల కింద, వరి కోతలై రైస్ మిల్లులు రాత్రీ పగలూ తిరుగుతున్న రోజుల్లో, కంప్యూటర్ వెలగడం మానేసింది. అదే రోజు ఒక మిల్లు నుంచి విరిగిన కప్లింగ్ వచ్చింది. మిల్లు ఆగితే బయట ధాన్యం బండ్లు నిలబడిపోతాయి. వాటి వెనక రైతుల అప్పులుంటాయి. "సాయిబు గారూ, రేపటికవుద్దా?" అని మిల్లు మేస్త్రీ గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

అదే కప్లింగ్ మామూ అంతకుముందు నాలుగుసార్లు చేశాడు. డ్రాయింగ్ ఉంది, ప్రోగ్రాం ఉంది. కానీ అన్నీ వెలగని ఆ పెట్టెలోనే ఉన్నాయి. కొడుకు ల్యాప్‌టాప్‌కి ఆ డిస్కు తగిలించే దారి అప్పటికి దొరకలేదు. దొరికినా ఆ ఫైళ్లని కొత్త సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టదు. తావీజ్ ఉంది, తలుపు లేదు.

చివరికి గట్టెక్కించింది నానా కాపీ. గళ్ల నోటుబుక్కు. అందులో పెన్సిల్‌తో బొమ్మలు, అంగుళాలు, పక్కన ఉర్దూలో "ఇక్కడ పావు నూలు వదులు ఉండాలి" లాంటి మాటలు. పాత కప్లింగ్ కొలతలు అందులో దొరికాయి. మామూ, పెద్దబ్బాయి కలిసి రాత్రంతా నానా లేత్ మీదే చేత్తో కోశారు. కొడుకు కొలుస్తూ, తండ్రి తీస్తూ. ఫజ్ర్ వేళకి పని పూర్తయింది, పొద్దున్నే మిల్లు తిరిగింది.

కంప్యూటర్ కూడా బతికింది. విశాఖలో పాత సామాను దుకాణంలో అలాంటి బోర్డే దొరికింది. ఉబ్బిపోయిన కెపాసిటర్లే జబ్బని తేలింది. కానీ ఆ రాత్రి మామూ ముఖం నేను మరచిపోలేదు. ఇరవై ఏళ్ల మెహనత్ పక్కనే ఉండి కూడా చేతికందకపోవడం ఎలా ఉంటుందో చూశాడు. కంపెనీ తాళం వేస్తేనే పెట్టె మూసుకుంటుందని ఎవరన్నారు? ముసలితనం కూడా తాళం వేస్తుంది.

అల్ జజరీ ఫైసలా

ఇక్కడ నాకు ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఒక ఉస్తాద్ గుర్తొచ్చాడు. ఇస్మాయిల్ అల్ జజరీ. ఇప్పటి తుర్కియేలోని దియార్‌బకిర్‌లో అర్తుఖీ సుల్తానుల కొలువులో పనిచేసిన ఇంజనీరు. 1206లో తన యంత్రాలన్నిటి గురించీ ఒక కితాబు పూర్తి చేశాడు. నీటి గడియారాలు, నీళ్లు తోడే యంత్రాలు, ఫౌంటెన్లు, తాళాలు, యాభై దాకా ఉన్నాయందులో.

మనవాళ్లు ఆయన పేరు గర్వంగా చెప్పుకుంటారు. నాకు అబ్బురమనిపించేది యంత్రాలు కాదు, రాసిన తీరు. ప్రతి యంత్రానికీ బొమ్మ. ప్రతి భాగానికీ ఒక అక్షరం. దేంతో చేయాలి, ఎంత కొలత, ఏది ముందు, ఏది తర్వాత. కాగితంతో చెక్కతో నమూనాలు చేసుకోవడం, ఇసుక అచ్చుల్లో పోత పోయడం దాకా చెప్పాడు. తన తర్వాత వచ్చే కారీగర్ దాన్ని మళ్లీ తయారు చేయగలగాలన్నదే మక్సద్. ఆ మక్సద్ నెరవేరింది కూడా. డొనాల్డ్ హిల్ అనే ఇంజనీరు 1974లో ఆ కితాబుని ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1976లో లండన్ సైన్స్ మ్యూజియంలో ఆ వివరాలు పెట్టుకుని ఒక పెద్ద నీటి గడియారాన్ని తిరిగి నిలబెట్టారు. సుల్తాను పోయాడు, కొలువు పోయింది, పనిముట్లు తుప్పుపట్టాయి. రాసిన కొలత మాత్రం పనిచేసింది.

అప్పుడు నాకు అర్థమైంది. పనిముట్టు మిల్కియత్. కొలత అమానత్. మిల్కియత్‌ని మన ఇష్టం వచ్చినన్నాళ్లు వాడుకోవచ్చు. అమానత్‌ని మాత్రం తర్వాతివాడు తెరవగలిగేలా ఉంచాలి. నానా కాపీ ఆ పని చేసింది. మామూ కంప్యూటర్ చేయలేదు. చందా కట్టే కొత్త సాఫ్ట్‌వేర్ కూడా దానంతటది చేయదు.

కిందటి వారం సాలూరుకి ఫోన్ చేసి నా ఫైసలా చెప్పాను. పాత సాఫ్ట్‌వేర్‌ని తీసేయక్కర్లేదు. మెషీన్ ఉన్నన్నాళ్లూ అదే ఉండనీ. నెట్‌కి తగిలించొద్దు, కనిపించిన పెన్ డ్రైవ్ అల్లా పెట్టొద్దు. కానీ అందులోని ప్రతి డ్రాయింగునీ డి.ఎక్స్.ఎఫ్.గా కూడా దాచాలి. అది అక్షరాలుగా రాసుకునే పద్ధతి, 1982 నుంచి ఉన్నదే, ఇవాళ్టి సాఫ్ట్‌వేర్లు దాదాపు అన్నీ చదువుతాయి. జి-కోడ్ ఎలాగూ ఉత్త అక్షరాలే, దాన్ని మూడు చోట్ల దాచాలి. తర్జుమాన్ ఫైలుని కూడా. వైరు లెక్కలు, అంటే వేగం 9600, ఏడు బిట్లు, ఈవెన్ పారిటీ, రెండు స్టాప్ బిట్లు అన్నవి గోడ మీద రాసిపెట్టాలి. ముఖ్యమైన యాభై పనులకి కాగితం మీద బొమ్మ తీసి నానా కాపీ పక్కన ఉంచాలి. రెండు అక్షాలు దాటిన పని, త్రీడీ ఫైలుతో వచ్చే గిరాకీ ఎప్పుడొస్తే అప్పుడు పెద్దబ్బాయి కొత్తది తీసుకోనీ. ఆ పనికి పాతది నిజంగానే చాలదు.

మామూ అంతా విని కాసేపు ఊరుకున్నాడు. తర్వాత, "అయితే ఎవరు గెలిచినట్టు?" అన్నాడు.

"నానా" అన్నాను.

నవ్వాడు. నిన్న ముమానీ ఫోన్ చేసి చెప్పింది. ఇషా నమాజ్ తర్వాత తండ్రీకొడుకులు ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటున్నారట. రోజుకి పది డ్రాయింగులు. మామూ ఒక్కోటి తెరిచి, అది ఏ లారీదో, ఏ మిల్లుదో, ఎందుకు అక్కడ అంత వదులు పెట్టాడో చెబుతున్నాడట. పెద్దబ్బాయి కొత్త గళ్ల నోటుబుక్కులో తెలుగులో రాసుకుంటున్నాడట.

మీ ఇళ్లలో కూడా ఇలాంటి ఉస్తాద్‌లు ఉండే ఉంటారు. దర్జీలు, వెల్డర్లు, రేడియేటర్ మిస్త్రీలు, బండి పెయింటింగ్ చేసేవాళ్లు. వాళ్ల పనిముట్టు పాతదని నవ్వకండి. ఫుర్సత్ చూసుకుని పక్కన కూర్చుని కొలతలు రాసుకోండి.

ఖుదా హాఫిజ్.